రంగు చూసి నూనె మార్చకండి

మాది నూజివీడు. రంగు చూసి రసాలు కొంటే ఏమవుతుందో మా ఊళ్ళో చిన్నపిల్లల్నడిగినా చెప్తారు. కార్బైడుతో మగ్గబెట్టిన కాయ పైకి పసుపు, లోపల పులుపు!

మా దగ్గర్లోని ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో టర్బైను నిమిషానికి 3000 సార్లు, పల్చటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఇంకో ప్లాంటులో పనిచేసే మా బావకి ఇప్పుడదే తలనొప్పి. "నల్లబడింది, మార్చేద్దాం" అంటున్నారట పైవాళ్ళు. నల్లబడటం హెచ్చరికే గానీ తీర్పు కాదు.

అసలు చూడాల్సింది నూనెలో యాంటీఆక్సిడెంట్ ఎంత మిగిలిందని. ఆర్‌పీవీఓటీ పరీక్షలో నూనెకి నీళ్ళు, రాగి తీగ చేర్చి, ఆక్సిజన్ నింపి, 150 డిగ్రీల దగ్గర ఎన్ని నిమిషాలు తట్టుకుంటుందో చూస్తారు. కొత్త నూనెతో పోలిస్తే 25 శాతానికి పడిపోయి, ఆమ్లత్వం కూడా పెరుగుతుంటే మార్పుకి సిద్ధపడాల్సిందే. నీళ్ళూ మురికీ అయితే శుద్ధిచేసి తీసేయొచ్చు. అయిపోయిన యాంటీఆక్సిడెంట్ వడకడితే తిరిగి రాదు కదా?

అలాగని చివరిదాకా ఆగితే వార్నిష్ జిగట బేరింగులకీ వాల్వులకీ పట్టేస్తుంది. దాన్ని కడక్కుండా కొత్త నూనె పోస్తే అదీ త్వరగా పాడవుతుంది... పాత బగ్గుల మీద కొత్త రిలీజు లాగా!

నా ఉద్దేశంలో క్యాలెండరూ వద్దు, కంటిచూపూ వద్దు. సర్వర్లకి చూసినట్టే ట్రెండు చూడాలి. నూనె తర్వాతి ఓవర్‌హాల్ దాకా ఆగేలా లేకపోతే ఇప్పుడే మార్చెయ్యాలి. మధ్యలో యూనిట్ ఆపాల్సొస్తే ఆ నష్టం ముందు నూనె ఖర్చెంత? మీరేమంటారు?