బొలోన్యాలో వినిపించిన గలగల

మ్యూనిక్ నుంచి బొలోన్యాకి రైల్లో దాదాపు ఏడు గంటలు. ఆల్ప్స్ కొండలు దాటుతున్నంతసేపూ అందరూ కిటికీలకి ఫోన్లు ఆనించి వీడియోలు తీస్తున్నారు. నేను మాత్రం ఒక కొటేషన్ చూసుకుంటూ కూర్చున్నా. నా సెకండ్ హ్యాండ్ డుకాటీ మాన్‌స్టర్ 1200కి వెట్ క్లచ్ తీసేసి డ్రై క్లచ్ వేయడానికి ఒక వర్క్‌షాప్ వాళ్లు పంపింది. ఫిట్టింగ్‌తో కలిపి 2,800 యూరోలు. మన డబ్బుల్లో రెండున్నర లక్షల పైమాటే. సరే అనే ముందు ఆ చప్పుడేదో డుకాటీ సొంతూళ్లోనే ఒకసారి వినాలనిపించింది.

బొలోన్యా ఎర్ర పెంకుల ఊరు. ఇక్కడ వానొచ్చినా గొడుగు అక్కర్లేదు. రోడ్డు పక్కన ఇళ్లన్నిటికీ స్తంభాల వసారాలుంటాయి. అన్నీ కలిపితే 62 కిలోమీటర్లట. 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఆ వసారాల్లోనే నడుచుకుంటూ వెళ్లి 13వ నంబర్ బస్సు ఎక్కా. ఊరి చివర బోర్గో పానిగాలేలో దిగితే ఫ్యాక్టరీ, దాన్నానుకుని మ్యూజియం.

డుకాటీ 1926లో మొదలైనప్పుడు చేసింది బైకులు కాదు, రేడియో పార్టులు. 1944లో బాంబులు పడి ఫ్యాక్టరీ ధ్వంసమైంది. యుద్ధం అయ్యాక 1946లో సైకిల్‌కి తగిలించుకునే 48 సీసీ బుల్లి ఇంజిన్ తయారీకి దిగారు. పేరు కుచ్చొలో, అంటే కుక్కపిల్ల. మ్యూజియంలో ఆ కుక్కపిల్ల దగ్గర మొదలుపెట్టి, 2007లో కేసీ స్టోనర్ మోటోజీపీ చాంపియన్ అయిన బండి దాకా నడవొచ్చు. అన్నీ మెరుస్తున్నాయి. కానీ అన్నీ ఆపి ఉన్నాయి. నేనొచ్చింది వినడానికి కదా!

బయటికొస్తే అదృష్టం ఎదురుగానే ఉంది. ఒక ముసలాయన ఎర్ర 916 మీద వచ్చి ఆగాడు. 1994లో వచ్చిన మోడల్, డ్రై క్లచ్ బండి. నాకు ఇటాలియన్ రాదు, ఆయనకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. క్లచ్ వైపు చూపించి చెవి మీద వేలు పెట్టా. ఆయన నవ్వి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, లీవర్ నొక్కమని సైగ చేశాడు. నొక్కా. గలగలగల!

ఈ చప్పుడు ఎందుకంటే... మన స్ప్లెండర్, పల్సర్, బుల్లెట్ అన్నీ వెట్ క్లచ్ బండ్లే. ప్లేట్లు ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతాయి. ఆయిల్ వేడిని లాగేస్తుంది, చప్పుడు రానివ్వదు. (అందుకే బైక్‌లో కారు ఆయిల్ పోయకండి, క్లచ్ జారొచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందో లేదో చూసుకోండి.) డ్రై క్లచ్‌లో ఆ ఆయిల్ ఉండదు. లీవర్ నొక్కగానే ప్లేట్లు వదులై, వాటి అంచులు బాస్కెట్ గాడులకి కొట్టుకుంటాయి. అదే ఆ గలగల.

మార్చడమంటే ప్లేట్లు తుడిచి ఆరబెట్టడం కాదు. కుడివైపు కవర్ విప్పాలి. క్లచ్‌కి ఆయిల్ వచ్చే దారి మూసేయాలి. ఇంజిన్ ఆయిల్ ఇవతలికి రాకుండా సీల్, కొత్త కవర్ వేయాలి. బాస్కెట్, ప్లేట్లు, ప్రెషర్ ప్లేట్ అన్నీ కొత్తవే. లాభం? ఆయిల్ వల్ల పడే ఈడ్పు పోతుంది. ప్లేట్ల పొడి ఇంజిన్ ఆయిల్‌లో కలవదు. ఆయిల్ దించకుండానే ప్లేట్లు మార్చుకోవచ్చు. నష్టం? చప్పుడు, ట్రాఫిక్‌లో వేడి, తొందరగా అరుగుదల. డుకాటీ కూడా 2012లో 1199 పానిగాలేతో తన పెద్ద సూపర్‌బైక్‌ని వెట్ క్లచ్‌కి మార్చేసింది. మళ్లీ 2019లో రేసుల కోసం చేసిన పానిగాలే వీ4 ఆర్‌కి డ్రై క్లచ్ పెట్టింది.

వెంటనే విజయవాడకి వీడియో కాల్ చేశా. మా నాన్న ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో రేకుల షెడ్డులో లారీ మెకానిక్. అమ్మ ఎత్తింది.

"మీ నాన్నకి ఫోన్లో ఏం వినపడదురా. నాకు చెప్పు, నేను చెప్తా."

అమ్మ ఆయన చెవి దగ్గర అరిచి చెప్పింది. నాన్నకి నవ్వొచ్చింది.

"లారీ క్లచ్ డ్రైయే కదరా. సీల్ కారి చుక్క ఆయిల్ ప్లేట్ మీద పడితే చాలు, లోడు బండి ఎక్కుడులో జారిపోయేది. ఆయిల్ తగలకుండా చూడ్డమే మా పని. దానికి నువ్వు రెండున్నర లక్షలు పెడతావా?"

ఫోన్ బండి దగ్గర పెట్టా. ముసలాయన మళ్లీ లీవర్ నొక్కాడు. నాన్న స్క్రీన్‌కి చెవి ఆనించాడు. ఒకసారి ఆ చెవి, ఒకసారి ఈ చెవి.

"ఏం వినపడట్లేదురా. ఎట్టా ఉందో నువ్వు చెప్పు."

"స్టీలు డబ్బాలో మేకులేసి ఊపినట్టుంది నాన్నా!"

"ఆ... ప్లేట్ల చెవులు గాడికి కొట్టుకుంటున్నయ్. లీవర్ వదిల్తే తగ్గాల. తగ్గిందా?"

తగ్గింది.

"అయితే బండి బాగానే ఉంది. ఆయన్ని పొమ్మను."

చిన్నప్పుడు నాన్న స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కి, పిడి చెవి వెనకాల ఆనించి ఏ బేరింగ్ పోయిందో చెప్పేవాడు. షెడ్డులో సుత్తి దెబ్బలు, సైలెన్సర్ లేని ఇంజిన్లు. ఆ చెవులు అక్కడే అరిగిపోయాయి. రెండు చెవులకీ మిషన్లు పెట్టాలని డాక్టర్ పోయినేడే చెప్పాడు. మంచివైతే జతకి రెండు లక్షల పైనే. "ఈ వయసులో నేను కొత్తగా వినేదేముంది, దండగ" అని నాన్న లేచి వచ్చేశాడు. నేనూ ఫోన్లో "సరే చూద్దాంలే" అని వదిలేశా. అదే సంవత్సరం ఈ బైక్ కొన్నా.

రిటర్న్ ట్రైన్‌లో కొటేషన్ మళ్లీ తెరిచా. రోజూ ఆఫీసుకి పన్నెండు కిలోమీటర్లు వెళ్లే బండికి రేసు క్లచ్ ఎందుకు? నిజం చెప్పాలంటే నాక్కావాల్సింది క్లచ్ కాదు, చప్పుడు. కొండలు రాకముందే వర్క్‌షాప్‌కి వద్దని మెయిల్ కొట్టి, అమ్మకి ఫోన్ చేసి మిషన్ల సంగతి చెప్పా. వెనక నుంచి నాన్న కేక: "ఏంటంట వాడు?"

ఆయన ఇంకా ఒప్పుకోలేదు. సంక్రాంతికి వెళ్తున్నా, ఈసారి టెస్టుకి నేనే దగ్గరుండి తీసుకెళ్తా. ఆ 916 గలగల నలభై సెకన్ల వీడియో నా ఫోన్లో ఉంది.