దిగే దారి

తిరుమల వెళ్ళి వచ్చినవారు కొండ ఎక్కిన సంగతి చెబుతారు, దర్శనం ఎంతసేపయిందో చెబుతారు, చేతిలో ఇంత లడ్డు పెడతారు. దిగివచ్చిన సంగతి చెప్పేవారు అరుదు. నాకు మాత్రం ఆ ప్రయాణంలో దిగే దారే ఎక్కువ గుర్తుంటుంది.

కొండకు మోటారు దారులు రెండు. మొదటిది 1944లో వచ్చింది. అంతకు ముందు ఓపిక ఉన్నవారు నడిచేవారు, లేనివారు డోలీ ఎక్కేవారు. రెండవది 1974లో వేశారు. ఇప్పుడు కొత్తదారిన ఎక్కి పాతదారిన దిగుతారు. పాతదారి సుమారు 19 కిలోమీటర్లు. శేషాచలమన్న పేరుకు తగ్గట్టు మెలికలు తిరుగుతుంది.

ఈ దారులకు పెట్టిన నియమం ఒకటి చిత్రమైనది. ఎక్కే బండి 28 నిముషాలలోపు, దిగే బండి 40 నిముషాలలోపు అవతలి గేటు చేరకూడదు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి నిలబెట్టడం మా కాలేజీలో ఎరుగుదుము. తొందరగా వచ్చినవాణ్ణి నిలబెట్టేది ఇక్కడే చూశాను. అందులోనూ ఎక్కడానికంటే దిగడానికే ఎక్కువ వ్యవధి!

ఒక వేసవిలో సకుటుంబంగా దిగుతున్నాము. సాయంత్రం రైలు అందుకోవాలి. మా బావమరిది మాటిమాటికీ గడియారం చూసుకుంటూ డ్రైవరుకు సలహా చెప్పాడు.

"గేరు తీసేసి వదిలిపెట్టవయ్యా! బండి దానంతటదే పోతుంది. పెట్రోలూ మిగులుతుంది."

డ్రైవరుకు అరవైకి దగ్గర వయస్సు. తిరుపతి మనిషి. వెనక్కు తిరగకుండానే అన్నాడు:

"దానంతటదే పోతాదనే గదా సారూ భయం! ఎక్కేటప్పుడు బండిని మనం తొయ్యాల. దిగేటప్పుడు కొండే తోస్తాది. ఏ గేర్లో ఎక్కే ఏటవాలో, ఆ గేర్లోనే దిగాల."

బ్రేకును అదేపనిగా తొక్కిపట్టితే అది వేడెక్కి, కడకు ఎంత తొక్కినా పట్టు చిక్కదట. అందుకే ఇంజను చేతనే బండిని ఆపుకుంటూ రావాలి. మా బావమరిది ఇంజనీరు కాడు గాని, ఒప్పుకునే మనిషీ కాడు.

మోకాళ్ళపర్వతం దగ్గర కాలిబాట ఈ దారిని కలుసుకుంటుంది. బిడ్డలను భుజాన వేసుకుని, గోవిందలు చెప్పుకుంటూ జనం ఎక్కుతున్నారు. డ్రైవరు హారను కొట్టకుండా నడక వేగానికి తగ్గించాడు. ఇరుకు కొండదారుల్లో ఎక్కే బండికి దిగే బండి తొలగాలని మోటారు నిబంధన ఉన్నది. కాళ్ళతో ఎక్కేవారి సంగతి అందులో ఉన్నదో లేదో ఆయన అడగలేదు.

ఇంకొన్ని మలుపులు దిగాక కాలిన వాసన కొట్టింది. ఓరగా ఒక కారు ఆగి ఉన్నది; ముందు చక్రాల నుంచి పొగ. కొత్తగా గుండు చేయించిన పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలమ్మ పిట్టగోడ మీద కూర్చుని వణుకుతున్నది. కారు నడిపిన యువకుడు సీసాతో నీళ్ళు చక్రం మీద పోయబోతున్నాడు.

"పోయొద్దు నాయనా! కాలిన ఇనుము పగిలిపోతాది!" అంటూ మా డ్రైవరు బండి ఆపి పరుగెత్తాడు. చక్రాల ముందు రాళ్ళు పెట్టించాడు. వేడి చల్లారేదాకా మనమూ ఉందామన్నాడు.

మా బావమరిది గడియారం వంక చూశాడు. పసివాడి వంక చూశాడు. తరువాత పులిహోర పొట్లం తీసుకుని ముసలమ్మ దగ్గరకు వెళ్ళాడు.

రైలు తప్పింది. రాత్రి బస్సులో చోటు దొరికింది. నెల్లూరు దాటినా మా బావమరిది కన్ను మూయలేదు. ఆయన చూపంతా డ్రైవరు ఎడమచేతి మీదనే ఉన్నది.