మాత్రల కవరూ, మన 'ఓకే'లూ

ఆదివారం మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో మనవాళ్ల సందడి ఎలా ఉంటుందో పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. టెక్కా మార్కెట్లో సరుకులు కొనడం, ఇంటికి డబ్బు పంపడం, ఊరివాళ్లను కలవడం అన్నీ ఆ నాలుగు గంటల్లోనే అయిపోవాలి. అందులోంచి గంటన్నర మాకిచ్చి ఇంగ్లీషు నేర్చుకోవడానికి పదిహేను, ఇరవై మంది వస్తుంటారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు. షిప్‌యార్డుల్లో వెల్డర్లు, ఫిట్టర్లు, బిల్డింగ్ పనుల్లో రంగులు వేసేవాళ్లు. చెప్పేవాళ్లం మేం నలుగురం. మాలో డాక్టర్లూ లేరు, ఫార్మసిస్టులూ లేరు.

మందుల పాఠం మేం బాగా గర్వపడిన పాఠం. 'వన్ టాబ్లెట్, త్రీ టైమ్స్ ఎ డే, ఆఫ్టర్ ఫుడ్' అని బోర్డు మీద రాసి అందరిచేతా చదివించేవాళ్లం. ఒకరు షాపువాడు, ఒకరు రోగి. నవ్వులూ చప్పట్లూ. మా పుస్తకంలో 'టేక్ మెడిసిన్' అని ఉంటే ఇక్కడివాళ్లు 'ఈట్ మెడిసిన్' అంటారు. 'టేక్ అంటే పట్టుకెళ్లడం కదా సార్' అని ఒకాయన అడిగితే అదీ వివరించాం. క్లాసులో అందరికంటే గడగడా చదివేవాడు ఒక వెల్డరు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి.

నిరుడు నవంబరు వానల్లో అతనికి జ్వరం వచ్చింది. ఊరి నుంచి తెచ్చుకున్న డోలో 650 రోజుకు నాలుగు చొప్పున వేసుకున్నాడు. తగ్గలేదని క్లినిక్కి వెళ్తే పారాసెటమాల్ ఇచ్చారు, రెండేసి మాత్రలు రోజుకు నాలుగుసార్లు. డోలో మానకుండా అవీ మొదలుపెట్టాడు. పక్క మంచం కుర్రాడు జాలిపడి ఇచ్చిన జలుబు మాత్రలు అదనం. మూడు రంగులు, మూడు పేర్లు కాబట్టి మూడు మందులని అతని లెక్క. మూడింట్లోనూ ఉన్నది పారాసెటమాలే. డోలో నాలుగంటే 2,600 మిల్లీగ్రాములు. క్లినిక్ మాత్రలు 500 చొప్పున ఎనిమిదంటే 4,000. జలుబు మాత్రలు కలపకుండానే 6,600. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి హద్దు 4,000. అది దాటితే దెబ్బ తగిలేది లివరుకి.

మూడో రోజు వాంతులు పట్టుకున్నాయి. గదిలోవాళ్లు టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. రక్త పరీక్షలు చేసి, విరుగుడు మందు డ్రిప్పులో ఎక్కించారు. వేళకు వెళ్లాడు కాబట్టి నాలుగు రోజుల్లో బయటపడ్డాడు.

మేం చూడ్డానికి వెళ్లాం. ఏం మాట్లాడాలో మాకే తోచలేదు. అతనే చెప్పాడు: 'ఏటనుకోకండి సార్. ఇంకేటన్నా మందులు వాడతన్నావా అనే అడిగుంటాది ఆవిడ. నాకు తెలవలేదు. ఎనకాల లైన్లో జనం ఉన్నారు. ఓకే అనీసినాను.'

కవరు మీది ముక్క తప్పు లేకుండా చదివినవాడే. మేం నేర్పింది నేర్పినట్టే ఒప్పజెప్పాడు. ఆ రోజు తిరిగొస్తూ బస్సులో మేం నలుగురం పెద్దగా మాట్లాడుకోలేదు.

తరవాత ఈ విషయం మీద వెతికి చదివితే, మన ఒక్కరి సంగతే కాదని తెలిసింది. 2006లో అమెరికాలో ఇంగ్లీషు మాట్లాడే 395 మంది రోగులతో ఒక అధ్యయనం చేశారు. 'రెండు మాత్రలు రోజుకు రెండుసార్లు' అన్న చీటీ చదివించి, రోజుకు ఎన్ని మాత్రలో తీసి చూపించమన్నారు. చదువు తక్కువ ఉన్నవాళ్లలో నూటికి 71 మంది చీటీలో ఏముందో సరిగ్గానే చెప్పారు. మాత్రలు లెక్కగా చూపించినవాళ్లు 35 మందే. ఇంగ్లీషు వచ్చినవాళ్ల గతే అది!

అప్పటినుంచి బోర్డు పక్కన పెట్టి వేరుశెనగ గింజలు తెస్తున్నాం. కవరు చదివాక రోజు మొత్తానికి ఎన్నో, ఏ వేళకు ఎన్నో గింజలు పేర్చి చూపించాలి. అక్కడ మొదలయ్యాయి అసలు ప్రశ్నలు. నైట్ షిఫ్టు పనివాడు 'నాకు పొద్దున్న అంటే ఎప్పుడు?' అన్నాడు. ఇంకొకాయనకు కేటరింగు మధ్యాహ్నం భోజనం తెల్లవారకముందే వచ్చేస్తుంది, తినేది పన్నెండింటికి. అతను అన్నం వచ్చిన వేళను భోజనం వేళ అనుకుని మాత్ర మింగుతున్నాడు, ఉత్తి కడుపుతో. ఒంటినొప్పులకిచ్చే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు అలా మింగితే కడుపులో మంట పుట్టదూ! ఇన్నాళ్లూ 'ఆఫ్టర్ ఫుడ్' అని చదివించాం గానీ, నీ ఫుడ్ ఎన్నింటికి అని ఒక్కరినీ అడగలేదు.

మరో కవరు మీద 'మత్తు రావచ్చు, వాహనాలు, యంత్రాలు నడపవద్దు' అని ఇంగ్లీషులో ఉంది. జలుబుకిచ్చే చిన్న పసుప్పచ్చ మాత్ర, క్లోర్‌ఫెనిరమిన్. రంగులు వేసే కుర్రాడు నిబ్బరంగా చెప్పాడు, 'నేను మిషన్ నడపను కదా, పరంజా ఎక్కి పెయింటు వేస్తాను' అని. అతని తప్పేముంది? పరంజా మాట కవరు మీద లేదు.

ఇప్పుడు మా పాఠంలో ముఖ్యమైనవి రెండు. మొదటిది, పెద్ద అక్షరాలు వదిలేసి చిన్న అక్షరాలు చదవడం. డోలో, క్రోసిన్, పనడాల్ ఇవన్నీ అమ్ముకునేవాళ్లు పెట్టుకున్న పేర్లు. లోపలున్న మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. 'పారాసెటమాల్' అన్న ఒక్క మాటని ఇంగ్లీషు అక్షరాల్లో గుర్తుపట్టడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. రెండోది, ఓకే అనకుండా ఉండడం. 'సారీ, ఐ డోంట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ షో మీ.' ఈ ముక్క అనడానికి మనవాళ్లు పడే సిగ్గు ఇంతా అంతా కాదు. తమిళంలో నెట్టుకొద్దామంటే, మనకొచ్చిన తమిళం సైటులో పనికొచ్చేంత, చదవడానికి చాలదు.

ఒక రోజు ఆరుగుర్ని వెంటబెట్టుకుని సెరంగూన్ రోడ్డు దగ్గర ఒక ఫార్మసీకి వెళ్లాం. అరల్లోంచి మనమే తీసుకునే మందులు వేరు, ఫార్మసిస్టు చేతి మీదుగా మాత్రమే ఇచ్చేవి వేరు, డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చేవి వేరు అని అక్కడి అమ్మాయి ఓపిగ్గా చూపించింది. యాంటీబయాటిక్ మూడో రకం. ఊళ్లో మెడికల్ షాపులో చెయ్యి చాపితే ఇచ్చేస్తారుగా అనుకుంటే ఇక్కడ కుదరదు. ఫార్మసిస్టుతో మాట్లాడితే డబ్బు కట్టాలేమోనని ఆరుగురిలో నలుగురు ఇన్నేళ్లూ అడగలేదట. ఆ సంగతి విన్నప్పుడు మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

క్లినిక్కి వెళ్లకుండా ఇంటి నుంచి తెచ్చిన మాత్రలతో గడిపేయడానికి అసలు కారణం ఇంగ్లీషు కాదని కొందరు అంటారు. ఎంసీ పెడితే సూపర్‌వైజరు ముఖం మాడుస్తాడని, బీపీ ఉందని తెలిస్తే పర్మిట్ పొడిగించరేమోనని భయం. అది నిజమైన భయమే, గింజలు పేర్చితే పోయేది కాదు. 2022 ఏప్రిల్లో వచ్చిన ప్రైమరీ కేర్ ప్లాన్ కింద డార్మిటరీ కార్మికుల క్లినిక్కు ఖర్చు చాలావరకు యజమానిదే. మొదలైనప్పుడు మనిషి చేతి నుంచి పెట్టుకోవలసింది ఒక్కోసారికి 5 డాలర్లు. 2006 నుంచి పనిచేస్తున్న హెల్త్‌సర్వ్ లాంటి సంస్థలూ ఉన్నాయి. ఇవి చెబుతూనే ఉన్నాం. వింటారు. కొందరు వెళ్తారు.

మన వెల్డరు సంక్రాంతి తరవాత మళ్లీ క్లాసుకొచ్చాడు. చేతిలో బిస్కెట్ల డబ్బా. మూత తీసి బల్ల మీద బోర్లించాడు. పదకొండు అట్టలు. అందరూ చుట్టూ చేరి చిన్న అక్షరాలు వెతికారు. నాలుగు అట్టలు పారాసెటమాలే. రెండింటికి గడువు దాటిపోయింది. ఒక అట్ట మాత్రం సగం చిరిగి, పేరు చెరిగిపోయి ఉంది. తెల్లటి గుండ్రటి మాత్రలు ఆరు.

'ఇదేటి సార్?' అన్నాడు.

మేం నలుగురం మార్చి మార్చి చూశాం. మాకూ తెలియలేదు. ఆ మాటే చెప్పి, అట్ట పట్టుకుని అందరం కలిసి ఫార్మసీకి నడిచాం. ఈసారి కౌంటర్ దగ్గర అడిగింది అతనే. ఆ అమ్మాయి అట్టని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి, పేరు లేకుండా తాను చెప్పలేనని, వేసుకోవద్దని అంది.

అతను ఓకే అనలేదు. 'వై?' అన్నాడు.