ఊతకర్ర

మా ఇంట్లో ఒక వేపకర్ర ఉంది. పొడవు మూడడుగులకు కొంచెం తక్కువ. ఒక కొసకు పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి, పురికొసతో బిగించి ఉంటుంది. తిరుచానూరులో మా ఇంటికి కొత్తగా వచ్చినవారు దానిని చూసి మా నాయన చేతికర్ర అనుకొంటారు. కాని అది ఆయనకు ఊతమిచ్చిన కర్ర కాదు. ఆరేళ్ళపాటు మా కారు డిక్కీ తలుపును మోసిన కర్ర.

ఆ కారు టాటా ఎస్టేట్. టెల్కో సంస్థ 1988లో టాటామొబైల్ అనే పికప్ వాహనాన్ని తీసుకొచ్చింది. దానిని ఆధారం చేసుకొని 1991లో సియెర్రా, 1992లో ఎస్టేట్ వెలువడ్డాయి. కప్పు వెనుకదాకా సాగి, సీట్ల వెనుక సామానుకు విశాలమైన చోటు ఉండే ఇటువంటి బండ్లను అమెరికాలో స్టేషన్ వ్యాగన్లంటారు. రైలు స్టేషనుకూ ఇళ్ళకూ మధ్య ప్రయాణికులను, వారి పెట్టెలను చేరవేయడానికి పుట్టినవి కనుక ఆ పేరు. ఇంగ్లండులో పల్లెపట్టు భూస్వాముల ఎస్టేట్లలో తిరిగినందువల్ల ఎస్టేట్ కార్లయ్యాయి. మన దేశంలో వీటికి పెద్దగా ఆదరణ దక్కలేదు. కారన్నాక డిక్కీ వెనుక విడిగా పొడుచుకొని కనబడాలి, లేకపోతే నలుగురూ సామాను బండి అనుకొంటారని కొనేవారికి జంకు. మా నాయనకు కావలసింది సరిగ్గా సామాను బండే. ఆయన పెళ్ళివంటలు చేసేవారు. 2003లో దానిని సెకండ్‌హ్యాండులో కొన్నారు. అప్పటినుంచి తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట కల్యాణమండపాలకు గుండిగలు, అండాలు, బాణలులు, తెడ్లు అన్నీ అందులోనే ప్రయాణం చేశాయి. మండపంనుంచి తిరిగివచ్చేటప్పుడు కారంతా సాంబారు వాసన. మా చిన్నతనపు వాసన అదే.

డిక్కీ తలుపు పైకి తెరుచుకొంటుంది. దానిని పైనే నిలిపి ఉంచేవి ఇరుప్రక్కలా ఉండే రెండు నల్లని గొట్టాలు. మెకానిక్కులు వాటిని డిక్కీ షాకులంటారు. కొన్నేళ్ళ క్రితం అవి బలం కోల్పోయాయి. ఎండాకాలంలో తలుపు ఎలాగో నిలిచేది. కార్తికమాసపు తెల్లవారుజామున మాత్రం మెల్లగా క్రిందికి దిగివచ్చేది. నాయన వేపకొమ్మ నరికి ఈ కర్రను తయారు చేసుకొన్నారు. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా, "కొత్తవి వేయిస్తాను నాయనా" అనేవాణ్ణి. "ఎందుకురా, కర్ర ఉంది కదా" అనేవారాయన. ఆ మాటను నేను సంతోషంగా ఒప్పుకొని ఊరుకొనేవాణ్ణి. ఖర్చూ తప్పింది, పనీ తప్పింది.

2023లో అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవాలకు కొద్దిరోజుల ముందు ఆ కర్ర జారింది. ఇంకా వెలుగు రాని సమయం. నాయన వంగి గుండిగను లోపలికి నెడుతున్నారు. గుండిగ అంచు కర్రకు తగిలింది. తలుపు వచ్చి ఆయన కుడిభుజం మీద పడింది. నాలుగంగుళాలు ఇటు పడి ఉంటే తల మీద పడేది. ఎముక విరగలేదు గాని చెయ్యి పైకి లేవలేదు. వంటవాడికి కుడిచెయ్యి లేవకపోతే ఇంకేముంది? ఒప్పుకొన్న రెండు పెళ్ళిళ్ళు వేరేవారికి అప్పగించవలసి వచ్చింది. పలకరించడానికి వచ్చిన బంధువులు కారును పాతసామాను వాళ్ళకు అమ్మివేయమని సలహా ఇచ్చారు. నాయన ఒకటే మాట అన్నారు: "కర్ర నేను సరిగ్గా పెట్టలేదు. బండి ఏం చేస్తుంది?" నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

మరునాడే రైలు ఎక్కి చెన్నై వెళ్ళాను. ఎగ్మూరు ప్రక్కన ఉన్న పుదుపేటలో పాత కార్ల విడిభాగాలకు దొరకనిదంటూ ఉండదని ప్రతీతి. తయారీ ఏనాడో ఆగిపోయిన బండికి అసలు షాకులు దొరకడం కష్టమే. పాతవి వెంట తీసుకువెళ్ళి, పొడవు కొలిచి, సరిసమానమైన జతను కొన్నాను. సాయంత్రానికి ఇల్లు చేరి నేనే బిగించాను. తలుపు గొళ్ళెం తీయగానే అది చెయ్యి విదిలించుకొని పైకి ఎగిరింది. మూయబోతే దిగదు. నేనూ, ప్రక్కింటి అబ్బాయీ కలిసి వ్రేలాడితే, మూతపడడానికి ముందే ఏదో కటుక్కుమంది. గొట్టాన్ని తలుపుకు కలిపే ఇనుప పట్టీ వంగిపోయింది.

రేణిగుంట రోడ్డులోని మెకానిక్ పెద్దాయన దానిని చూసి చాలాసేపు నవ్వాడు. "ఏం సామీ, పొడుగు చూసి పెళ్ళి చేసినావే! గుణం చూడొద్దా?" అన్నాడు. గొట్టం మీది మసి తుడిచి, సన్నని అంకెలు చూపించాడు. 650 అని ఉంది. అది న్యూటన్లలో దాని బలం. నేను కొలిచింది పొడవును మాత్రమే.

ఆ గొట్టంలో ఉన్నది మనం అనుకొనే చుట్టల స్ప్రింగు కాదు. అధిక పీడనంతో నింపిన నైట్రోజన్ వాయువు, కొంచెం నూనె. లోపల కదిలే ముషలకానికి సన్నని రంధ్రం ఉన్నందువల్ల వాయువు దానికి రెండువైపులా వ్యాపిస్తుంది. అయితే ఒకవైపు కడ్డీ అతుక్కొని ఉంటుంది కనుక, కడ్డీ మందమంత వైశాల్యం మీద బలం మిగిలిపోయి దానిని బయటికి నెడుతుంది. 8 మిల్లీమీటర్ల కడ్డీ 400 న్యూటన్ల బలంతో నెట్టాలంటే లోపలి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 80 రెట్లు ఉండాలి. అందుకే ఆ గొట్టాన్ని కోయరాదు, నిప్పులో వేయరాదు. వాయువు చల్లబడితే పీడనం తగ్గుతుంది. 40 డిగ్రీల వేడినుంచి 20 డిగ్రీలకు వస్తే సుమారు ఆరు శాతం తగ్గుతుంది. కొత్త గొట్టానికి అదొక లెక్క కాదు. బలమంతా ఉడిగి అంచున నిలిచినదానికి ఆ ఆరు శాతమే ప్రాణం. వేసవిలో నిలిచిన తలుపు కార్తికంలో ఎందుకు దిగేదో నాకప్పుడు తెలిసింది.

పెద్దాయన పాత గొట్టం కడ్డీని గోటితో గీరి చూపించాడు. తుప్పు గుంటలు. చింతపండు పులుసు తడి, ఉప్పునీరు, పాత్రల ఆవిరి ఏళ్ళతరబడి తగిలి కడ్డీని తినివేశాయి. ఆ గరుకు రాపిడికి లోపలి రబ్బరు సీలు అరిగి వాయువు జారిపోయింది. కొందరు గొట్టానికి తూటు పొడిచి, వాల్వు అమర్చి, మళ్ళీ వాయువు ఎక్కిస్తారట. "నేను చెయ్యను. మీ నాయన దాని కింద నిలబడాల" అన్నాడాయన.

తరువాత ప్రక్క కూరగాయల అంగడినుంచి వ్రేలాడే స్ప్రింగు కాటా తెచ్చాడు. గొట్టాలు రెండూ విప్పి, తలుపును సమతలంగా ఉంచి, దాని అంచును కాటా కొక్కేనికి తగిలించి నన్ను పట్టుకోమన్నాడు. ముల్లు 14 కిలోల దగ్గర నిలిచింది. కీలునుంచి అంచుదాకా 90 సెంటీమీటర్లు. అదే స్థితిలో గొట్టం నెట్టే రేఖకూ కీలుకూ మధ్య దూరం 18 సెంటీమీటర్లు. ఇక్కడినుంచి పని నాది. ఇంటర్మీడియట్‌లో బలభ్రామకం పాఠం బట్టీపట్టి మార్కులు తెచ్చుకొన్నాను గాని, అది ఒక తలుపుకు సంబంధించినదని ఏనాడూ తోచలేదు. 14ను 90తో గుణించి 18తో భాగిస్తే 70 కిలోలు. రెండు గొట్టాలు కనుక ఒక్కొక్కటి 35 కిలోల బలం, అంటే సుమారు 343 న్యూటన్లు మోయాలి. 400 న్యూటన్ల జత వేస్తే అంచు దగ్గర రెండు కిలోలకు పైచిలుకు బలం మిగులుతుంది. తలుపును నిలపడానికి అది చాలు. నేను తెచ్చిన 650ల జత అదేచోట పన్నెండు కిలోలకు పైగా బలంతో పైకి తంతుంది. పట్టీ వంగక ఏమవుతుంది?

మళ్ళీ పుదుపేట. ఈసారి అంకె చదివి కొన్నాను.

బిగించేటప్పుడు పెద్దాయన మొదట ఆ వేపకర్రనే అడిగి తీసుకొని తలుపుకు గట్టిగా ఆనించాడు. వంగిన పట్టీని సుత్తితో సరిచేసి, వెనుక ఇనుప పలక వెల్డింగు చేశాడు. ఒకవైపు గొట్టం బిగించిన తరువాతనే రెండవవైపు ముట్టుకొన్నాడు. తలుపు మూసినప్పుడు కడ్డీ కొస క్రిందికి ఉండాలి. అప్పుడే లోపలి నూనె సీలు మీద నిలిచి దానిని ఎండిపోనివ్వదు. గిన్నెలాంటి కొసను ఇనుప గుండు మీద పెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంది. కర్ర తీసివేశాడు. తలుపు కదలలేదు.

పంచమీతీర్థం నాటికి నాయన చెయ్యి భుజం ఎత్తువరకు లేచింది. పద్మసరోవరంలో స్నానాలకు వచ్చే జనంతో ఊరు నిండిపోయింది. తెలిసినవారు అన్నదానానికి పాత్రలు అడిగారు. వంట చేయలేకపోయినా పాత్రలు తానే చేరుస్తానన్నారు. తెల్లవారుజామున చలిగా ఉంది. ఎడమచేత్తో తలుపు ఎత్తారు. అది నడుమ దాకా ఆయన చేతితో వచ్చి, అక్కడినుంచి తానే మెల్లగా పైకి వెళ్ళి నిలిచింది. ఆయన చెయ్యి ఇంకా దానిని అంటిపెట్టుకొనే ఉంది. కొంతసేపటికి తీశారు. గొట్టం దగ్గరికి ముఖం తెచ్చి చూశారు గాని, చీకట్లో ఆ సన్నని అంకెలు ఆయన కంటికి ఆనలేదు.

"ఎంతని రాసిండాదిరా?"

"నాలుగు వందలు, నాయనా."

"సరిపోతుందా?"

"సరిపోతుంది. లెక్క వేసినాము."

సరేనన్నట్లు తల ఊపి, మొదటి గుండిగను లోపలికి నెట్టారు. కర్రను మాత్రం సీటు క్రింద పెట్టించారు.