పట్టు విడువని బ్రేకు

గ్రామ సేవకు తిరిగే బండ్లు ఇప్పుడు అనేక సంఘాలకు ఉన్నవి. అటువంటి బండికి వచ్చిన ఒక చెడుగును గూర్చి, దానిని బాగుచేస్తుండగా వరంగల్ మట్టెవాడలోని ఒక చిన్న షెడ్డులో ఒక పూటంతా నిలబడి మేము చూసినదానిని గూర్చి వ్రాయుచున్నాము. బండి లేని కుటుంబములవారు కూడా చదువవచ్చును. వాటిలో ఎక్కి ప్రయాణము చేసేది మీరే గదా!

మా సంఘపు బండి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. పాకాల చెరువు దాటి కొత్తగూడ వైపు పల్లెలకు పోవాలంటే వానకాలంలో వాగులు దిగి ఎక్కవలసి ఉంటుంది. ఆరాధనకు మాత్రమే గాదు, నొప్పులు పడే తల్లిని, జ్వరంతో మూలుగుతున్న బిడ్డను ఆసుపత్రికి చేర్చేదీ ఆ బండే. వానలు వెలిసిన తర్వాత అది ఎడమకు లాగడం మొదలుపెట్టింది. ఒకనాడు నర్సంపేట నుండి తిరిగి వచ్చేసరికి ముందు ఎడమ చక్రం దగ్గర చేయి పెట్టలేనంత వేడి, కాలిన వాసన. కుడి చక్రం మాత్రం గోరువెచ్చగా ఉంది.

మేస్త్రి వెనుక చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి, క్రింద స్టాండు నిలిపాడు. ఎడమ చక్రాన్ని ఇద్దరు కలిసి త్రిప్పినా కదలలేదు. "బ్రేకు పట్టేసింది సార్, ఇడుస్తలేదు" అన్నాడు.

పాత జీపులకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. తర్వాత వచ్చిన అనేక బండ్లవలె మా బండికీ ముందు చక్రాలకు డిస్కులున్నవి. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెమే డిస్కు. దానిని ఇరువైపులా పట్టుకొనే గుప్పిటవంటిది కాలిపర్. పెడలు తొక్కితే బ్రేకు ఆయిలు పిస్టనును నెట్టుతుంది, పిస్టను ప్యాడును డిస్కుకు అదుముతుంది. మూసిన ద్రవంమీద ఒకచోట వేసిన ఒత్తిడి అంతటికీ సమానంగా పాకునని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశస్థుడైన బ్లేజ్ పాస్కల్ తెలియజేశాడు. 1654 నవంబరు 23 రాత్రి తనకు కలిగిన దైవానుభవాన్ని తోలు కాగితంమీద వ్రాసి, కోటు అస్తరులో కుట్టి దాచుకొన్న భక్తుడు ఈయనే. ఆయన 1662లో మరణించిన తర్వాత గాని అది బయటపడలేదు. గ్రీజు మరకల నడుమ ఆయన జ్ఞాపకము రావడం మాకు సంతోషమనిపించింది.

పట్టడం ఎట్లాగో అందరికీ తెలుసు. విడవడం ఎట్లాగో మాకు ఆ రోజే తెలిసింది. పిస్టను చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. పిస్టను ముందుకు పోయినప్పుడు అది కొంచెం మెలిపడుతుంది. పెడలు వదలగానే తన రూపానికి తిరిగి వస్తూ పిస్టనును వెంట్రుకవాసి వెనుకకు లాగుతుంది. ఆ వెంట్రుకవాసితోనే చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. తుప్పు పట్టిన పిస్టనును లాగే శక్తి ఆ సీలుకు లేదు.

పట్టని బ్రేకుకు అందరూ భయపడతారు గాని, విడువని బ్రేకే ఎక్కువ మోసకరమైనదని మా అభిప్రాయం. బండి ఆగుతూనే ఉంటుంది గనుక ఎవరికీ అనుమానం రాదు. ఈలోగా వేడి పెరిగి ఆయిలు మరుగుతుంది. డాట్ 3 రకం క్రొత్త ఆయిలు కనీసం 205 డిగ్రీల వరకు మరుగకుండా నిలవాలి. తేమ పీల్చుకొన్నదైతే ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరి, పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది. అప్పుడు బ్రేకే ఉండదు.

మేస్త్రి ముందుగా కాలిపర్ మీది చిన్న నిపిల్‌ను పానాతో వదులు చేశాడు. ఆయిలు కారగానే చక్రం తిరిగితే, లోపల వాచిన రబ్బరు గొట్టమో పైభాగమో ఒత్తిడిని వెనుకకు రానివ్వడంలేదన్నమాట. మాకు రెండు చుక్కలు కారినా చక్రం కదలలేదు. దోషం కాలిపర్‌లోనే ఉంది.

క్రిస్మస్ కూడికలు దగ్గరపడుతున్నవి. సామాను దొరకడానికి రెండు రోజులు పట్టునని తెలిసి, ఆ చక్రానికి పోయే గొట్టాన్ని మూసివేసి నడుపుకొమ్మని అక్కడున్న ఒకరు సలహా ఇచ్చారు. మాతో వచ్చిన సంఘపెద్ద మేస్త్రి ముఖం చూశారు. "మూసేస్తే బండి నడుస్తది సార్. ఆగుడే కష్టం. తొక్కంగనే కుడికి గుంజుతది. పిల్లలను ఎక్కిస్తరు గద మీరు" అన్నాడతడు. ఆ మాటతో సలహా అక్కడే ఆగిపోయింది. రెండు ఆదివారాలు బస్సులో పోదామని పెద్దగారు నిర్ణయించారు.

కాలిపర్‌ను విప్పి, గొట్టం లాగుకొనిపోకుండా తీగతో వ్రేలాడదీశారు. అది అటూ ఇటూ జరుగవలసిన రెండు పిన్నులలో ఒకటి చేతితోనే వచ్చింది. రెండవది సుత్తి దెబ్బలకు గాని రాలేదు. దాని రబ్బరు తొడుగు చినిగి, లోపల వాగు బురద ఎండి రాయిలా గట్టిపడింది. ప్యాడ్లు తీసి, పిస్టనుకు ఎదురుగా చెక్క పెట్టి, పెడలును మెల్లగా తొక్కించగా పిస్టను కొద్దికొద్దిగా బయటికి వచ్చింది. గాలి మిషను పెట్టి ఊదితే తుపాకి గుండులా వచ్చి వ్రేళ్లు నలిగిపోతాయట.

పిస్టను మీద గుంటలు పడినందున క్రొత్తది వేయవలసి వచ్చింది. గుంటలు లేక పైతుప్పు మాత్రమే ఉంటే సన్నని గరుకు కాగితంతో పోయేదేనట. లోపలి భాగాలను క్రొత్త బ్రేకు ఆయిలుతోనే కడిగారు. కిరోసిను గాని డీజిలు గాని తగిలితే సీలు ఉబ్బిపోతుంది. పిన్నులకు కూడా బ్రేకుల కొరకు చేసిన గ్రీజే వాడారు. ప్యాడ్లు రెండు ప్రక్కలా మార్చారు, ఒక ప్రక్క మాత్రమే మార్చితే పట్టు సమానంగా ఉండదు. పాత ప్యాడ్ల పొడిని ఊదకుండా తడిగుడ్డతో తుడవడం చూసి మేము మెచ్చుకొన్నాము. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. చివరికి పాత ఆయిలంతా తీసి క్రొత్తది పోసి, బుడగలు ఆగేవరకు గాలి తీశారు. షెడ్డు పిల్లవాడు ఒక చేత్తో త్రిప్పితే చక్రం తిరిగింది.

గీసుగొండ దాకా పోయి వచ్చి రెండు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూశాము. ఒకే వెచ్చదనం. మేస్త్రి పాత పిస్టనును మా డ్రైవరు తమ్ముని చేతిలో పెట్టి, వచ్చే ఏడు వానలు వెలియగానే బండిని ఒకసారి తెమ్మన్నాడు.