దివిసీమ దారిలో బిగిసిన నట్టు

గుడివాడ నుండి పెడన మీదుగా మచిలీపట్నం చేరి, బంధువుల ఇంట జుహర్ నమాజు ముగించుకొని దివిసీమకు బయలుదేరాము. మోపిదేవి సమీపంలో ముందు టైరు పంక్చరయింది. కారులో వృద్ధురాలైన అమ్మ, పసిపిల్లలు, పొద్దు వాలుతోంది.

తొందరలో కారును జాకీతో ఎత్తి నట్లు విప్పబోయాము. ఒక్కటీ కదలలేదు. నెల క్రితం పంక్చరు షాపులో గాలి యంత్రంతో అతిగా బిగించారు; సముద్రపు ఉప్పుగాలి తుప్పును జోడించింది. పానా మీద కాలుమోపి తొక్కబోతే కారే ఊగిపోయింది.

పొలం నుండి వస్తున్న ట్రాక్టరు డ్రైవరు ఆగి, "సాయిబుగారూ, ముందు బండిని కిందికి దించండి. గాలిలో చక్రం తిరుగుతుంది, జాకీ జారితే ప్రాణానికే ముప్పు" అన్నాడు. హ్యాండ్‌బ్రేకు వేయించి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టించాడు. తుప్పు గీకి, మరల మీద నూనె వేసి పావుగంట ఆగమన్నాడు. తరువాత పానా పిడికి ఇనుప గొట్టం తొడిగాడు. పిడి పొడవు రెట్టింపైతే అదే బలం రెట్టింపు పనిచేస్తుంది. కుదుపక, ఎడమకు నిలకడగా నొక్కగానే నట్టు కిర్రుమని లొంగింది. అన్నీ కొద్దిగా వదులయ్యాకే జాకీ ఎత్తాము.

మారుచక్రం బిగించేటప్పుడు గొట్టం తీసేశాడు. "విప్పడానికే ఇది. బిగించడానికి చేతిబలం చాలు. ఎదురెదురు నట్లను వరుసగా బిగించి, యాభై కిలోమీటర్ల తరువాత మళ్లీ చూసుకోండి" అన్నాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

పులిగడ్డ దాటి మగ్రిబ్‌కు ముందే అవనిగడ్డ చేరాము. మితిమీరిన బిగింపు భద్రత కాదని ఆ దారి మాకు నేర్పింది.