ఊరేగింపులో వెనుక నడిచేవాడు

పిల్లలూ! మీలో ఎంతమంది హైదరాబాదు వెళ్ళి చార్మినారు చూశారు? చాలామందే చూసి ఉంటారు. కాని చార్మినారు చూసి అక్కడి నుంచే ఇంటిదారి పట్టి ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు అలా తిరిగిరాకండి. మక్కా మసీదు దాటి, దక్షిణంగా శాలిబండ మీదుగా కొంతదూరం నడవండి. లాల్‌దర్వాజా వస్తుంది. ‘లాల్’ అంటే ఎరుపు, ‘దర్వాజా’ అంటే వాకిలి. ఎర్రవాకిలి అన్నమాట! ఇప్పుడది ఒక పేటకంతటికీ పేరు.

ఆ పేటకు దగ్గరలోనే ఒక బడిలో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. ఒక ఊరేగింపును ఎట్లా నడిపించాలో ఆ పేటలోనే నేర్చుకున్నాను. అయితే ముందు ఒక తప్పు చేసి, తరువాత నేర్చుకున్నాను. ఆ కథ చెబుతాను, వినండి.

లాల్‌దర్వాజాలో సింహవాహిని మహంకాళి గుడి ఉన్నది. ఏటా ఆషాఢమాసంలో అక్కడ బోనాల పండుగ జరుగుతుంది. బోనమంటే భోజనమే. కొత్తకుండలో అన్నం వండి, కుండకు పసుపు రాసి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టి, ఆడవాళ్ళు తలమీద మోసుకుని గుడికి తీసుకుపోతారు. ఆదివారంనాడు బోనాలు. మరునాడు సోమవారం ఘటాల ఊరేగింపు. పాతనగరంలోని గుళ్ళనుంచి ఘటాలు బయలుదేరి వస్తాయి. హరిబౌలిలోని అక్కన్న మాదన్న గుడి ఘటమైతే ఏనుగునెక్కి వస్తుంది! డప్పుల మోత, పోతరాజుల చిందులు, ఇసుక వేస్తే రాలని జనం! చార్మినారు, గుల్జార్‌హౌజు, పత్తర్‌గట్టి మీదుగా నడిచి, మూసీ ఒడ్డున నయాపూల్ దగ్గరకు చేరే సరికి రాత్రవుతుంది.

మూసీ దాకా ఎందుకు పోతారు? 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉన్నది. అప్పటి నిజాము మహబూబ్ అలీఖాన్ లాల్‌దర్వాజా అమ్మవారికి మొక్కుకున్నాడనీ, మూసీలో పసుపు కుంకుమలు, చీర వదిలాడనీ, తరువాత వరద తీసిందనీ పేటలోని పెద్దలు చెప్పుకుంటారు. వరద మళ్ళీ రాకుండా నగరానికి ఎగువన చెరువులు కట్టవలెనని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు సలహా ఇచ్చారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి.

చార్మినారు ముందున్న ఆ బాటకు ఊరేగింపులు కొత్త కావు. మొహర్రంలో బీబీకా ఆలం కూడా దబీర్‌పురా నుంచి బయలుదేరి చార్మినారు మీదుగానే చాదర్‌ఘాట్ పోతుంది. ఎవరి ఊరేగింపు వస్తే వారికి మిగిలినవారు దారి ఇస్తారు.

ఇక నా తప్పు సంగతికి వస్తాను.

1997వ సంవత్సరం. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్ళు నిండినవి. దేశమంతటా స్వర్ణోత్సవాలు. నేను ఆ ఏడే ప్రధానోపాధ్యాయుణ్ణి అయ్యాను. మా బడి పిల్లలతో చార్మినారు దాకా ఊరేగింపు తీయాలని నాకు ఉత్సాహం. హైదరాబాదుకు జెండా పండుగ అంటే మరొక విశేషం ఉన్నది. 1947 ఆగస్టు 15న దేశమంతటా మూడురంగుల జెండా ఎగిరింది. కాని నిజాము సంస్థానంలో దాన్ని ఎగరవేయనివ్వలేదు. స్వామి రామానందతీర్థను ఆరోజే నిర్బంధించారు. 1948 సెప్టెంబరు 17న సంస్థానం లొంగిపోయిన తరువాత గాని ఇక్కడివారు ఆ జెండాను నిర్భయంగా పట్టుకోలేకపోయారు. లెక్క వేయండి: 1948 లీపు సంవత్సరం సుమా! సరిగ్గా 399 రోజులు. ఆ రోజులు చూసిన తాతలు మా పేటలో అప్పటికి ఇంకా కొందరున్నారు. వాళ్ళు గుమ్మాలలో కూర్చుని మా పిల్లలను చూడాలి, సంతోషించాలి అని నా కోరిక.

నెలరోజులు శ్రమపడ్డాను. జెండాలు, డ్రమ్ములు, గాంధీ, నెహ్రూ వేషాలు, పంచడానికి లడ్డూలు అన్నీ సిద్ధం చేశాను. వరసలో ముందు ఎవరుండాలో పదిసార్లు మార్చి మార్చి వ్రాశాను. వెనుక ఎవరుండాలో ఒక్కసారి కూడా వ్రాయలేదు.

బయలుదేరేటప్పుడు 120 మంది. చార్మినారు దగ్గర లెక్కపెడితే 119! మళ్ళీ లెక్కపెట్టాను. 119. ఒకటవ తరగతి పాప ఒకతె లేదు. నా గుండె జారిపోయింది. పిల్లలను తోటి ఉపాధ్యాయులకు అప్పగించి వచ్చిన దారినే పరుగెత్తాను. ఆ రద్దీలో, ఆ మోటార్ల మధ్య, ఆరేళ్ళ పిల్ల!

శాలిబండలో గడియారాలు బాగుచేసే ముసలాయన నన్ను కేకవేసి పిలిచాడు. “మాస్టర్ సాబ్! మీ పాప ఇక్కడ ఉన్నది!”

పాప ఆయన బల్లమీద కూర్చుని ఉస్మానియా బిస్కత్తు తింటున్నది. ఒక కాలికే చెప్పున్నది. రెండవది తెగిపోయి చేతిలో ఉన్నది. ఆమె కాగితం జెండా కింద పడకుండా ముసలాయన ఒక చాయ్ గ్లాసులో నిలబెట్టాడు.

“లైను తప్పిపోయావేమమ్మా?” అన్నాను రొప్పుతూ.

“నేను లైను తప్పలేదు సార్. చెప్పు తెగితే ఆగిన. లైనే నన్ను తప్పింది” అన్నది.

నేనేం జవాబు చెప్పగలను? ఆ పిల్ల మాట నిజం. పాపను ఎత్తుకుని చార్మినారు దాకా నడిచాను. లడ్డూలు పంచారు గాని నేను తినలేకపోయాను. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి, తల్లిదండ్రులతో తప్పు నాదేనని చెప్పాను.

మరుసటి ఏడు ఆషాఢంలో, ఘటాల ఊరేగింపు పనులు చూసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. “ఇంతమందిని ఎట్లా నడిపిస్తారు?” అని అడిగాను.

ఆయన నవ్వి, “సారూ, ముందుగాల ఉరికేటోళ్ళను చూడొద్దు. ఎనక నడిచేటోళ్ళను చూడాలె. ఘటం ఎత్తుకున్నోళ్ళు ఎంత మెల్లగ నడిస్తే మేమందరం అంతే మెల్లగ నడుస్తం. ఇంకో సంగతి, పండుగకు ముందే ఒట్టి చేతులతోని దారంత ఒకసారి నడిచి చూస్తం” అన్నాడు. గుంటలెక్కడ, కిందికి వేలాడే కరెంటు తీగలెక్కడ, నీళ్ళెక్కడ పెట్టాలి, మలుపు ఎక్కడ ఇరుకు, అన్నీ అప్పుడే చూసుకుంటారట. పోలీసులతో, కరెంటువారితో, నగరపాలకవారితో అప్పుడే మాట్లాడుకుంటారట.

నేను బడికి వచ్చి చిన్న ప్రయోగం చేశాను. మీరూ చేయవచ్చు. ఒకటవ తరగతి పిల్లలను పది నిమిషాలు నడిపించాను. 400 మీటర్లు నడిచారు. ఐదవ తరగతివాళ్ళు అదే పది నిమిషాలలో 700 మీటర్లు నడిచారు. అంటే ఇరవై నిమిషాలకు ముందువాళ్ళకూ వెనుకవాళ్ళకూ మధ్య దూరం 600 మీటర్లు! పాప ఒకతే ఎందుకు మిగిలిందో అప్పుడు నాకు తెలిసింది.

1998 ఆగస్టు 15న మా వరస మారింది. ముందు జెండా, దాని వెనుకనే ఒకటవ తరగతి. వాళ్ళ నడకే అందరి నడక. అందరికంటె వెనుక నేను. నా సంచిలో మంచినీళ్ళు, దూది, పిన్నీసులు, ఒక జత పాత చెప్పులు. శాలిబండలో గడియారాల తాత లేచి నిలబడ్డాడు. రెండవ తరగతికి వచ్చిన మా పాప ఆయనకు జెండా ఊపి చూపించింది. చార్మినారు దగ్గర లెక్కపెట్టాను. 131 మంది బయలుదేరారు, 131 మందీ చేరారు. ఆనాడు నేను రెండు లడ్డూలు తిన్నాను.

మీ ఊళ్ళో మీరు ఊరేగింపు తీసేటప్పుడు ఈ సంగతులు గుర్తుంచుకోండి. ముందురోజే దారంతా నడిచి చూడండి. ఇతర జెండాల వరస కూడా ఉంటే జాతీయజెండా ఆ వరస మధ్యకు ఎదురుగా, ముందు ఉండాలి. లేకపోతే నడిచేవారికి కుడివైపున ఉండాలి. కాషాయరంగు పైకి ఉండాలి. జెండా నేలకు తగలరాదు. పండుగ అయ్యాక కాగితం జెండాలను వీధిలో పారవేయరాదు. బయలుదేరేటప్పుడు ఎంతమందో, చేరేటప్పుడు ఎంతమందో వ్రాసుకోండి.

అన్నిటికంటె ముఖ్యం: వెనుక నడవడానికి ఒకరిని ఏర్పాటు చేసుకోండి. డ్రమ్ము వాయించడానికి పదిమంది పోటీపడతారు. వెనుక నడవడానికి ఎవరూ రారు. ఆ పని మీరు అడిగి తీసుకోండి.